చేబదులు

హార్లన్ మాస్టారు మా బడికి లెక్కలు చెప్పడానికి వచ్చాడు.
లోకం ఆగిపోయే రోజుకి సిద్ధపడి వచ్చాడు.
విమానంలోంచి దిగిన పెట్టెలు పదకొండు.
తొమ్మిదింట్లో బియ్యం, చిక్కుడు గింజలు, కొవ్వొత్తులు.
పదోదాంట్లో పుస్తకాలు.
పదకొండోదాన్ని ఎవర్నీ ముట్టనివ్వలేదు.

కుస్కోక్విమ్ ఒడ్డున మా ఊరికి ఒకటే కొట్టు, అది నాది.
పిండి, వలదారం, డైపర్లు, స్పార్క్ ప్లగ్గులు.
గల్లాపెట్టె వెనక అరలో తూటాలు.
ఆయన చీటీ చాపాడు, ఈ కొలతవి ఉన్నాయా అని.
చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను.
ఆ అంకె మా అరలో ఏనాడూ పడుకోలేదు.

"చాలా దూరం పోతుంది ఓలింకా, గాలికి వంగదు" అన్నాడు.
దూరం పోతుంది సరే,
ఇక్కడిదాకా ఎలా వస్తుంది? అన్నాను.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.
మా ఊళ్ళో ఇంటికో తుపాకి, అన్నిటికీ తూటా ఒకటే,
థర్టీ ఆట్ సిక్స్.
నా మొగుడు పోయాక అతని కోటు జేబులో రెండు దొరికాయి.
ఒకటి యాకోవ్ దగ్గర తెచ్చుకున్నది, ఒకటి సొంతం.
ఏది ఏదో తెలియలేదు.
రెండూ యాకోవ్‌కే ఇచ్చేశాను.

ఇగ్నాటీ బాబాయి తన తుపాకి పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు.
వాళ్ళ నాన్న నీటికుక్క తోళ్ళకి మార్చి తెచ్చింది.
మడమ చీలితే రాగి తీగ, తీగ మీద నల్ల టేపు,
టేపు మీద ముప్ఫై ఏళ్ళ చేతి జిడ్డు.
బ్యాటరీ లేదు, అద్దం లేదు,
తలుపు గడియలాంటి బోల్టు,
చేతితొడుగు విప్పకుండానే లాగొచ్చు.
"చలికాలం నూనె తుడిచెయ్యి మాస్టారూ,
బంకైపోతుంది, లోపల సూది కదలదు.
వెచ్చటింట్లోకి తేకు, ఇనుముకి చెమట పడుతుంది,
బయటికెళ్తే ఆ చెమటే మంచు.
వసారాలో ఉంచు, కుక్కని ఉంచినట్టు."
మాస్టారు అంతా రాసుకున్నాడు.
రాసుకున్నదంతా ఇనుము గురించే.

జనవరిలో మంచుపొగ దిగింది.
పంతొమ్మిది రోజులు విమానం లేదు.
నా అరల్లో మిగిలినవి ఆవాలముద్ద సీసాలు, పుట్టినరోజు కొవ్వొత్తులు.
మాస్టారి తూటాలు బెతెల్ గోదాంలో,
ఆయన పేరు రాసిన పెట్టెలో భద్రంగా ఉన్నాయి.

పదమూడో రోజు బడి వెనక పాయ దాటింది దుప్పి,
మూస్ అంటాం, గుర్రమంత ఎత్తు.
కిటికీలోంచి చూశాడట.
తుపాకి ఎత్తాడట కూడా.
ఉన్నవి మూడు.
మూడూ లోకం ఆగే రోజుకని దించేశాడు.

అది ఆగి అప్పటికి పదమూడు రోజులు.

లుకేరియా గడపగడపకీ తిరిగింది.
యాకోవ్ రెండిచ్చాడు, బాబాయి ఒకటి,
చర్చి మెట్ల కింద మంచులో ఎవరో పారేసుకున్నది ఒకటి,
తుడిస్తే పనికొచ్చింది.
నాలుగు పట్టుకుని వెళ్ళింది,
మూడు తిరిగి తెచ్చింది.
పొద్దు కుంగేలోపు ప్రతి గిన్నెలోనూ మాంసం.
మాస్టారి గుమ్మంలో పక్కటెముకలు, సంచీలో.

మర్నాడు కొట్టుకొచ్చాడు, గడ్డం మీద మంచు కరుగుతూ.
"ఎంతివ్వాలి?"
ఒక తూటా, అన్నాను.
జేబులో చెయ్యి పెట్టాడు.
అది కాదు, అన్నాను.

వసంతంలో నది మంచు విరిగాక
ఎవరో పైఊరివాడి దగ్గర పాత తుపాకి కొన్నాడు,
తుప్పు మచ్చలున్నది, మా కొలతది.
మొదటి డబ్బా నా దగ్గరే.
లెక్కల మాస్టారు కదా, ఇరవయ్యీ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.
ఆ మూడూ ఆయన కిటికీ గూట్లో నిలబడి ఉన్నాయి,
ఎండ వచ్చినప్పుడు మెరుస్తాయి.

నా ఖాతా పుస్తకంలో ఆయన పేరు కింద
మొదటి బాకీ: లుకేరియాకి, ఒకటి.
నాలుగేళ్ళయింది.
ఆమె అడగలేదు.
ఆయన మరిచిపోనూ లేదు, రోడ్డు మీద కనిపిస్తే
జేబు తడుముకుంటాడు,
ఆమె చెయ్యి అడ్డం ఊపుతుంది.