ఒక దెబ్బ ఎక్కువ

జనం ఎక్కడ నవ్వుతారో నాకు కంఠతా వచ్చు.
టికెట్లు చింపేవాడికి అబ్బే చదువు అదొక్కటే.
అరువు కోటు వేసుకున్న వెయిటర్‌ని
ఆ అమ్మాయి ఏదో దేశపు యువరాజనుకున్నప్పుడు ఒకసారి,
వాడి జేబులోంచి హోటలు చెంచాలు
గలగలా రాలినప్పుడు ఇంకాస్త గట్టిగా,
లావుపాటి మేనత్త కేకు మీద కూర్చుంటే
బాల్కనీతో సహా.

మూడో వరసలో, గోడ పక్క సీట్లో
ఒక ముసలావిడ మాత్రం
ఎవరూ నవ్వని చోట నవ్వేది.
వాన డాన్సులో, వాళ్లిద్దరూ మొదటిసారి
చేతులు పట్టుకునే చోట.
కిసుక్కున. ఒక్కసారే.

పాసడీనా, క్రెసెంట్ థియేటర్, డెబ్బై ఒకటో సంవత్సరం.
పాత సినిమా వారం రోజులు వేస్తే వారమూ వచ్చింది.
పేరు ఇర్మా వెసెలీ.
స్టూడియోలో బట్టలకి రంగులద్దేదట.

మూడో రోజు ఉండబట్టలేక అడిగాను.
ముందు వేరే సంగతులు చెప్పింది:

ఆ తెల్లగౌను తెల్లది కాదబ్బాయ్.
తెలుపు వేస్తే లైట్లకి భగ్గుమంటుంది,
పిల్ల మొహం ఎవడికీ కనబడదు.
నాలుగు గంగాళాల టీ కాచి ముంచాను.
ఆయన నల్లకోటు అసలు నీలం.
వాన కనబడాలని నీళ్లలో పాలు కలిపారా,
నాలుగో టేకుకి విరిగి ఊరుకున్నాయి.
మీ అందరికీ అక్కడ వెన్నెల.
నాకు పుల్లమజ్జిగ కంపు.

చేతిసంచి మూసింది. మళ్లీ తెరిచింది.

కాళ్లు హీరోవి. చప్పుడు ఆయనది కాదు.
నీళ్లలో గెంతితే బూటు కింది రేకు పలుకుతుందా?
సినిమా అంతా తీశాక, కిటికీల్లేని గదిలో,
తెర మీది పాదాల్ని చూస్తూ
చెక్కపలక మీద ఆడినవాడు లూథర్ పెటిగ్రూ.
సెంట్రల్ ఎవెన్యూ కుర్రాడు, నల్లవాడు.
వెనక గేట్లోంచి రావాలి, వెనక గేట్లోంచి పోవాలి.
పేర్లు పడేటప్పుడు చూడు,
కుక్కపిల్ల పేరు కూడా ఉంటుంది.

వాన చప్పుడుకి పలక మీద పరవడానికి
తడిగుడ్డలు నేను తీసుకెళ్లేదాన్ని.
నా వేళ్ల మరకలు చూసి
ఏం రంగు అద్దుతున్నారండీ అన్నాడు.
తెలుపు, అన్నాను.
పలక మీద కూలబడి నవ్వాడు.

కాఫీకి కలిసి వెళ్లే రోజులు కావు. వెళ్లలేదు.
పదకొండు రోజులు.
ఆఖరి రోజు, లేసులు విప్పుకుంటూ
నా వైపు చూడకుండానే చెప్పాడు:
చేతులు పట్టుకునే చోట ఒక దెబ్బ ఎక్కువేశాను.
అది వాళ్లది కాదు.

ఆ రాత్రి చెవి రిక్కించాను.
హీరో ఆగాడు. పాదాలు రెండూ కదలకుండా ఉన్నాయి.
వాన.
అప్పుడు, ఎక్కడి నుంచో,
ముక్తాయింపు అయిపోయాక గుర్తొచ్చినట్టు,
ఠక్.

తరవాతేమైందండీ, అన్నాను.
తరవాతేముంది, సౌండువాళ్లు పట్టుకోలేదు, అంది.

ఏడో రోజు మ్యాట్నీలో రీలు తెగింది.
సరిగ్గా అక్కడే.
ఆపరేటర్ మెల్విన్ విసుక్కుంటూ
రెండు జానలు కత్తిరించి అతికించాడు.
కథకి లోటేమీ లేదు, అన్నాడు. నిజమే.

రాత్రి ఆఖరి ఆట.
ఆవిడ సీట్లో కొంచెం ముందుకి జరిగింది,
నవ్వు పెదవి దాకా తెచ్చుకుని.
హీరో చేతులు చాచాడు. బొమ్మ ఎగిరి గంతేసింది.
వాన.
వాన.

నడవాలో టార్చి పట్టుకుని నిలబడ్డ నేను
ఏం చేస్తున్నానో తెలిసేలోపు
కాలు ఎత్తి నేలకేసి కొట్టాను.

పది తలలు వెనక్కి తిరిగాయి.
ఆవిడ తిరగలేదు.
నవ్వింది.

బయటికి వెళ్తూ, తలుపు దగ్గర,
నా బూట్ల వంక చూసి అంది:
ఆలస్యం చేశావు.
అతను ఎప్పుడూ చెయ్యలేదు.