రాతిపొడి

ఓంకారేశ్వరం దిగువన, నర్మద ఒడ్డున
ఝమకూబాయి లింగాలు సానపడుతోంది.
కనురెప్పల మీద, ముక్కుపుడక మీద రాతిపొడి.

"మచ్చలేనిది కావాలి," అన్నాను.
చేతిలో ఉన్నదాని మీద నీళ్లు చల్లి
చెంపకి ఆనించి చూసింది,
జ్వరం తగిలిన పిల్లాడి నుదురు చూసినట్టు.

"ఇది శివుడైతే
అరిగి రాలిపోయేదేమిటమ్మా?"
చదివిన భాష్యాలన్నీ వెనకేసుకుని అడిగాను.
మొక్కజొన్న రొట్టె తుంచుకుంటూ అంది:
"పొద్దుట్నించీ దాన్నే మింగుతున్నాను.
లోపల ఉన్నాయన కాదనలేదు."

నలభై ఏళ్ల దగ్గు ఆమెది.
దానికి మాత్రం నేను తత్వం చెప్పలేను.
దగ్గుకీ దగ్గుకీ నడుమ "నర్మదే హర్" అంటుంది,
ఊపిరి దొరికినంత మేర.

సాయంత్రం నడుంలోతు నీళ్లలో మూడు మునకలేసింది.
ఆమె చుట్టూ నది కాసేపు పాలరంగైంది,
తర్వాత నదిరంగే.
ఎంత రాయి, ఎంత ఆమె, ఎంత నీరు?
లెక్క అడగబోయి ఊరుకున్నాను.

మచ్చ ఉన్నదే ఇచ్చింది. నూటయాభై. బేరం లేదు.

ఇప్పుడు ఇండోర్‌లో, మా మూడో అంతస్తులో
రోజూ దాని మీద చెంబెడు నీళ్లు పోస్తాను.
నమకం సగంలో ఉండగా
నా గొంతులోంచి
ఆమె దగ్గుతుంది.