ఎనభై రెండు

రాజోలు సబ్‌రిజిస్ట్రారాఫీసు మెట్ల పక్క
జిరాక్సు కొట్టు నీడలో నా కుర్చీ.
ఫైలుకి పదిహేనొందలిచ్చే రోజుల్లో
వేలు తడుపుకుంటూ వెనక్కి నడిచేవాణ్ణి,
ఎవరు ఎవరికి అమ్మారో,
ఎవరు అమ్మకుండానే పోయారో.

తర్వాత వెయ్యి అన్నారు.
తర్వాత, బ్యాంకు లాయరు గారి గుమాస్తా కామేశం
కొబ్బరికాయలు బేరమాడినట్టు,
"అవతల నూకరాజు ఆరొందలకి చేత్తానంటన్నాడండి.
కంప్యూటర్లో ఈసీ తీసేత్తాడు, కుర్చీ దిగడు."

నూకరాజు నా దగ్గరే నేర్చుకున్నాడు,
లంక భూమి దస్తావేజులో
తూర్పు హద్దు గోదావరి అని ఉంటే
ఏ ఏడాది గోదావరో అడగాలని.
మొన్న వాడే బండాపాడు.
"మాస్టారూ, కాకినాడ కుర్రోళ్ళు నాలుగొందలంటన్నారండి."
ఇద్దరం టీ తాగాం.
డబ్బులు వాడిచ్చాడు.

నాలుగొందలకి నేనూ ఒప్పుకున్నాను.
ఫోన్లో, కాస్త పక్కకెళ్ళి.

ఇవాళ్టి ఫైలు శివకోడు.
ఎనభై సెంట్ల కొబ్బరి తోట,
రొయ్యల చెరువు తవ్వడానికి అప్పు.
కంప్యూటరు ఎనభై మూడు దగ్గర ఆగిపోతుంది.
అక్కడి దాకా అంతా కడిగిన పళ్ళెం.
సంతకం పెట్టి ఇచ్చేస్తే
మధ్యాహ్నానికి ఇంకో ఫైలు.

వేలు ఊరుకోలేదు.
చెదలు కొరికిన ఎనభై రెండు వాల్యూములో
బళ్ళ చంద్రమ్మ, నిశాని, వయసు ముప్పై ఎనిమిది:
"నా జీవితాంతం ఫలసాయం నేనే అనుభవించి
నా తదనంతరం మాత్రమే..."

లెక్కేశాను.
ఉంటే ఎనభై దాటాలి.
ఉందా?
పుస్తకం చెప్పదు. పుస్తకానికి చావులు తెలీవు,
రిజిస్టరు చేయించుకుంటే తప్ప.

ఆటోకి ఇరవై, రానూ పోనూ నలభై.

తోటలో మట్ట ముందేసుకుని
ఈనెలు తీస్తోంది ఒకామె.
పేరడిగితే తలెత్తలేదు.
"నేనున్నానో లేదో చూసెళ్ళమన్నారా బాబూ?"
ఎవరూ అనలేదన్నాను.
"మరి నీకెంతిత్తారు?"
చెప్పాను.
కత్తి ఆగింది.
"పొద్దుటేలే తిన్నావా?" అంది.

రిపోర్టులో ఆమె పేరు రాశాను,
ఆమె ఉందని రాశాను.
ఆటో చార్జీకి గడి లేదు.

కామేశం చదివి చాలాసేపు మాట్లాడలేదు.
"ఎనభై రెండు ఎవరు చూడమన్నారండి మిమ్మల్ని?"

సాయంత్రం, జిరాక్సు కొట్టు షట్టరు దించుతుంటే
నూకరాజు వచ్చి నిలబడ్డాడు,
చేతిలో శివకోడు ఫైలు.
"మూడొందల యాభైకి ఇచ్చారండి," అన్నాడు,
అని, నా వేలి వైపు చూశాడు.