చిల్లర

మార్దు మిల్లులో నాది జల్లెడ గది.
పద్దెనిమిదేళ్ళు.
గనిలోంచి దిగిన ఇసుకరాయి మరలో చితికి
నా దాకా వచ్చేసరికి
నల్లగా మెరిసే పెంకులు, ముక్కలు, ముక్కల పొడి.
ఎప్పుడో ఒకటి మాత్రం విరక్కుండా.

అలాంటిదొకటి నా అరచేతిలో పెట్టింది హెల్వె,
ప్రయోగశాల మెట్ల మీద, చేతితొడుగు విప్పి.
"దీని పేరు ఓబోలస్. గ్రీకువాళ్ళ చిల్లర డబ్బు."
ఆ నెల జీతాలింకా రాలేదు.
ఇద్దరం పడీపడీ నవ్వాం.

భూతద్దం కింద:
అంచు లోపల అంచు, దాని లోపల మరో అంచు,
పెరుగుతూ పెరుగుతూ ఆగిన చోటల్లా ఒక గీత.
ఆల్చిప్ప అనుకున్నాను. కాదంది.
ఆల్చిప్పకి కుడీ ఎడమా.
దీనికి వీపూ, పొట్టా.
కొన దగ్గర సన్నటి గాడి,
అందులోంచే కాడ బయటికి సాగేదట.
రెండు పెంకులకీ మడతబందు లేదు,
ఒకదాన్నొకటి కరిచి పట్టుకునే పన్ను లేదు.
ఉన్నంతకాలం
కండబిగువు మీదే తెరుచుకుంది, మూసుకుంది.
కండ ఎప్పుడో పోయింది.
అది పట్టుకున్న చోటు మాత్రం మిగిలింది,
పటం దించేశాక గోడ మీద
రంగు వెలవని చదరంలా.

"పన్ను లేదన్నానా," అంది హెల్వె అద్దం తుడుస్తూ,
"మొత్తం పన్నే ఇది. సున్నం గుల్ల కాదు.
నీ నోట్లో ఉన్నదీ, నీ మోకాల్లో ఉన్నదీ
ఈ సరుకే."
ఆ రోజు రొట్టె నమలడానికి
కాస్త మొహమాటపడ్డాను.

దాన్నే పిండి కొట్టి బస్తాలకెత్తేవాళ్ళం.
బస్తాలు పొలాలకి, పొలాలు రై గింజకి,
గింజ నల్లరొట్టెకి,
రొట్టె పిల్లల పాలపళ్ళకి.
యాభై కోట్ల ఏళ్ళ నాటి సముద్రం
ఇంత దగ్గరి దారిన ఇంటికొచ్చేదని
మాకెవరూ చెప్పలేదు.
మాకు చెప్పింది టన్నుల లెక్క.

ఎముకలు కొరికే జనవరిలో కూడా
గని పక్క మట్టిగుట్టలు వాటంతటవే రాజుకునేవి.
వాటి మీద మంచు నిలిచేది కాదు.
ఆ వాసన ఇప్పటికీ నా ఉన్ని కోటుకుంది,
ఎన్నిసార్లు ఎండేసినా.

మిల్లు మూతపడింది. జల్లెడ ఏమైందో తెలీదు.
హెల్వె రెండో కూతురి దగ్గర టార్టులో ఉంటోంది,
ఫోన్లో సగం మాటలు వినపడవు దానికి.

మొన్న డాక్టర్ రెబనె నా దవడపన్ను పీకి
"కావాలా, పారేయనా?" అంది.
కావాలన్నాను.
దూదిలో చుట్టి ఇచ్చింది.

బస్సు దిగి ఉల్గసే కొండచరియ దాకా నడిచాను.
గోరుతో గీరితే రాలే ఇసుక అది,
రాలిన ప్రతిసారీ రెండు మూడు నల్ల పెంకులు.
వేలు పట్టేంత గుంట చేసి, దూది తీసి,
పన్ను లోపలికి తోశాను.

ఇసుక జారి మూసుకుంది.
రసీదు ఇవ్వలేదు.