ఐదో మర

నాలుగు వచ్చాయి.
మూడు మాట విని, ఒకటి గొణుక్కుంటూ.
ఐదోది మాత్రం
తల అరగదీసుకుని కూర్చుంది
గడప దాటనని భీష్మించుకున్న పిల్లాడిలా.

అచావో రేవులో నా కొట్టు.
ఈ చిలోయే దీవుల్లో వాన పడని రోజుని
క్యాలెండరులో గుర్తు పెట్టుకుంటాం.
ఉప్పు గాలి ఇనుముని కొరకదు,
నెమ్మదిగా చప్పరిస్తుంది:
గొళ్ళేలని, గాలాలని, కుట్టుమిషను సూదుల్ని,
ఈమధ్య నా మోకాళ్ళని కూడా.

ఒదీలియా బర్రియా పొద్దుటి పడవలో వచ్చింది,
ఉన్ని శాలువాలో చుట్టిన రేడియోని
బతికున్న కోడిలా చంకలో ఇరికించుకుని.
"నాలుగింటికి తిరుగు పడవ" అంది.
కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.
ఈ రేడియోలోనే విన్నదట ఒకప్పుడు
కాస్త్రో ఆసుపత్రి నుంచి కబురు:
"ఆలావ్ దీవిలో బర్రియా వాళ్ళకి.
ఆపరేషన్ అయింది. మనిషి బాగున్నాడు.
గురువారం రేవుకి గుర్రాన్ని పంపండి."
ఆ గురువారం కురిసిన వాన, ఆ గుర్రం కుంటు,
అన్నీ చెప్పింది.
నేను మర వైపే చూస్తున్నాను.

ముందు రబ్బరు బ్యాండు ముక్క
అరిగిన గాడిలో పరిచి, నొక్కి తిప్పాను.
రబ్బరు చిరిగింది.
ఒక చుక్క కిరసనాయిలు వేసి
రెండు కప్పుల మాతే తాగేంతసేపు ఆగాను.
"ఆగడం కూడా పనిముట్టే,
కాకపోతే దాన్నెవరూ అరువడగరు"
అనేవాడు నాకు పని నేర్పిన గ్వెంతేయో.
తర్వాత సోల్డరింగ్ ఐరన్ కాల్చి తలకి ఆనించాను.
తర్వాత సుత్తితో చిన్న చిన్న దెబ్బలు,
లోపలెవరో నిద్రపోతున్నట్టు.

లేవలేదు.

అప్పుడు తిట్టాను.
"ఎవడో మహానుభావుడు! బిగించడమే తెలిసినవాడు!
తర్వాత విప్పేవాడొకడుంటాడని
తోచని వెధవ!"
ఒదీలియా కిటికీలోంచి సముద్రం చూస్తూ
ఎందుకో నవ్వు ఆపుకుంది.

తిరగని మరని ముందు ఇంకాస్త బిగించాలి.
ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.
వదలమంటే వదలనిది
"సరే, పట్టుకో" అంటే వెంట్రుకవాసి కదులుతుంది,
ఆ కాస్తలోనే తుప్పు విరుగుతుంది.
పట్టూ విడుపూ ఒకే మణికట్టులో ఉంటాయి.

రంపపు బ్లేడుతో తల మీద కొత్త గాడి కోశాను.
ఇనుప రజను వేలికంటింది.
ఊపిరి బిగబట్టి, కుడికి, కొంచెం.

టిక్.

చీమ మెటికలు విరిచినట్టు.

ఎడమకి.
వచ్చేసింది.

మెడ చుట్టూ ఎర్రటి పొలుసు.
తుప్పనుకున్నాను. గోళ్ళరంగు.
మూత తీస్తే దుమ్ము, ఒక సాలీడు పొట్టు,
ఉబ్బిన కెపాసిటరు,
రేకు మీద మేకుతో గీసిన అక్షరాలు:
ఎఫ్. మన్సీయా, ఆగస్టు, ఎనభై ఏడు.

ఫ్రొయిలాన్ మన్సీయా నేనే.
అప్పుడు నాకు పందొమ్మిది.
ఆ రంగు మా అక్క నీవెస్‌ది, అడక్కుండా తీశాను,
పడవ కుదుపులకి మర వదులు కాకూడదని.
ఇది ఇక జన్మలో ఊడదని
ఎవరికో గర్వంగా చెప్పిన గుర్తు కూడా ఉంది.

"నాకే" అంది ఒదీలియా.
"నీకప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు."

కెపాసిటరు మార్చాను.
రేడియో గొంతు సవరించుకుని
ఎక్కడిదో బంగాళాదుంపల ధర చెప్పింది.
నాలుగు మరలూ పెట్టి ఐదోదాని కోసం చెయ్యి చాస్తే
చేతి మీద చెయ్యి వేసి ఆపింది.
"అదొద్దు. మళ్ళీ నేనొచ్చేసరికి
నీకు బలం తగ్గుతుంది, నాకు ఓపిక తగ్గుతుంది."
పడవ కూత వేసింది.
ఐదొందల పేసోలు తక్కువిచ్చి
"తిట్లకి తగ్గించాను" అంటూ వానలోకి దిగింది.

ఐదో మర ఇప్పుడు కిటికీ గట్టు మీద ఉంది.
తల మీద రెండు గాళ్ళు,
ఒకటి అరిగింది, ఒకటి నేను కోసింది.
గాలి అప్పుడే దాన్ని చప్పరించడం మొదలెట్టింది.
ఎరుపు మాత్రం మెడని వదల్లేదు.

సాయంత్రం అక్కకి ఫోన్ చెయ్యాలి.
ఆ సీసా తీసింది నేనేనని
ఇప్పటికైనా చెప్పెయ్యాలి.