ఎర్ర బాణం స్టిక్కరు

శుక్రవారం. మిషన్లు నోరు మూసుకునే రోజు.
మీర్‌పూర్‌లో బస్సెక్కి ముగ్గురం బయల్దేరాం
ఢాకా చూడ్డానికి.
పన్నెండేళ్ళుగా ఢాకాలోనే ఉంటున్నాం మరి.

మొర్జినా కాలర్లు కుడుతుంది.
కొహినూర్ ఆపా గుండీల మిషను మీద.
నాది తనిఖీ బల్ల.
కుట్టు తప్పిన చోట
ఎర్ర బాణం స్టిక్కరు అంటించి వెనక్కి పంపడం నా పని.
రోజూ వందల చొక్కాలు నా కళ్ళ కిందుగా పోతాయి,
నేనెప్పుడూ చూడబోని భుజాలు వెతుక్కుంటూ.

లాల్‌బాగ్ కోటలో
ఒక గైడు వేరే ఎవరికో చెబుతుంటే
పక్కన నిలబడి ఊరికే విన్నాం.
రాకుమారుడెవరో మొదలుపెట్టి మధ్యలో వెళ్ళిపోయాడట.
తర్వాత వచ్చినాయన కూతురు పోయిందట.
ఇంక ఇటుక మీద ఇటుక పెట్టడానికి
ఎవరికీ చేతులు రాలేదట.
"అంటే షిప్‌మెంటు తేదీ దాటిపోయింది" అంది మొర్జినా.
పరీ బీబీ సమాధి ముందు నవ్వకూడదని
దుపట్టా చెంగు పళ్ళతో పట్టుకున్నాను.
రాతి జాలీలోంచి చల్లటి గాలి వచ్చి మొహానికి తగిలింది.
లోపల పడుకున్న పిల్ల వయసెంతో
గైడు చెప్పలేదు.
మేమూ అడగలేదు, డబ్బులివ్వలేదు కదా.

చౌక్‌బజార్‌లో బాకర్‌ఖానీ కొనుక్కుని
పొరలు రాలకుండా తినడం చేతకాక
ఒళ్ళంతా పొట్టు చేసుకుని
ఆహ్‌సాన్ మంజిల్ మెట్లెక్కాం.
గులాబీ రంగు మేడ. నవాబుల భోజనాల గది.
కొహినూర్ ఆపా కుర్చీలు లెక్కపెట్టింది.
తర్వాత కంచాలు. తర్వాత గ్లాసులు.
మళ్ళీ మొదట్నుంచి కంచాలు.
"అంట్లెవరు తోమారో" అంది చాలాసేపటికి.
వాళ్ళమ్మ ధన్‌మొండిలో మూడిళ్ళు చేసేది.
వరండాలోంచి చూస్తే బూడిగంగ
మా డైయింగ్ సెక్షన్ వెనక కాలవకి
పెద్దక్కలా ఉంది.

షాబాగ్ మ్యూజియంకి చేరేసరికి
కాళ్ళు మావి కావు.
తిమింగలం ఎముకల ముందు మొర్జినా ఫోటోలు దిగుతోంది.
నేనొక్కదాన్నే ఆ గదిలోకి వెళ్ళాను.

అద్దం వెనక మస్లిన్.

ఉంగరంలోంచి దూరేదట, అగ్గిపెట్టెలో పట్టేదట,
చిన్నప్పట్నుంచీ విన్నవే.
ఎదురుగా చూస్తే గుడ్డలా లేదు,
ఎవరో ఊదిన ఊపిరి
మేకులకి చిక్కుకుని ఆగిపోయినట్టుంది.
పక్కన చీటీ చదివాను.
ఎవరు కట్టుకున్నారో ఉంది. ఎవరు దానమిచ్చారో ఉంది.
నేసినవాళ్ళ జాగాలో
చీటీ అయిపోయింది.

అలవాటు ఊరుకుంటుందా,
నా కళ్ళు అంచు పట్టుకుని నడిచాయి.
ఎడమ నుంచి కుడికి, బెత్తెడు బెత్తెడు,
లైన్ సూపర్‌వైజరు వెనక నిలబడ్డట్టే.
పువ్వు, పువ్వు, పువ్వు,
అన్నీ ఐదు రేకులే.
పదిహేడో పువ్వుకి నాలుగు.

మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగే.

ఒళ్ళు జల్లుమంది.
సాయంత్రమై ఉంటుంది,
మగ్గం మీద వెలుగు తగ్గుతూ ఉండి ఉంటుంది,
పసిబిడ్డ ఏడ్చిందో, వాన జల్లు చూరు దాటిందో,
పాలు పొంగాయో,
ఒక్క పోగు దగ్గర చెయ్యి అటు తిరిగింది.
ఇన్నేళ్ళూ ఎవరూ చూడలేదు.
కట్టుకున్నావిడ చూడలేదు,
దాచినవాళ్ళు చూడలేదు,
చీటీ రాసినాయనా చూడలేదు.
నేను చూశాను తల్లీ,
దొరికిపోయావు.

చేతిసంచీలో వెతికితే
అడుగున నిన్నటి స్టిక్కరు ముక్క, మూల మడతపడి.
చూపుడు వేలికి అంటించుకుని
అద్దం దాకా తీసుకెళ్ళాను.
గార్డు దగ్గాడు.

వేలు వెనక్కి తీసుకున్నాను.
పాస్, అన్నాను లోపల్లోపలే.
నా బల్ల మీద ఇలాంటిది
ఇంతవరకు ఒక్కటీ పాస్ చెయ్యలేదు.

"ఏముంది అక్కడ?" అంది వెనకనుంచి మొర్జినా.
"పాత గుడ్డ" అన్నాను.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది.
ఫార్మ్‌గేట్ దాటాక చూసుకుంటే
ఎర్ర బాణం ఇంకా వేలికే ఉంది,
గోరు వైపు చూపిస్తూ.
రేపు ఎనిమిదింటికి షిఫ్టు.
పీకలేదు,
దానంతటదే ఊడేదాకా.