మోకాలి వెనక మూడు వేళ్లు

వూచ్ అంటే వాళ్ల భాషలో పడవ.
ఊళ్లో చెప్పుకోదగ్గ నదే లేదు.
పాత బట్టలమిల్లులో మా దుకాణం,
కుట్టుమిషన్లు తీసేసిన చోట కుర్చీలు,
రేపర్లు కూడా విప్పనివి కొన్ని.

నవంబరు మంగళవారం, బోణీ కాని పూట
తడిసిన కోటుతో వచ్చిందావిడ.
పేరు గ్రజీనా. అరవై దాటుంటాయి.
మనవడికా అండీ, అన్నాను.
నా నడుముకి, అంది.

బట్టీపట్టిన పాఠం అందుకున్నాను:
నాలుగు వైపులా జరిగే చేతులు,
పడుకోబెట్టినంత వాలే వీపు,
పందెం కారు పోలిక, ఎర్ర చారలు...
ఆవిడ వింటేగా.
కుర్చీని బోర్లా తిప్పేసింది,
కోడిని బేరమాడే ముందు
రెక్కలెత్తి చూసినట్టు.
కుట్లు లెక్కపెట్టింది.
"సెంటీమీటరుకి రెండే వేశారు. దొంగలు."
తోలు కాని తోలుని గోటితో గీరి
"రెండు చలికాలాలు. ఆపైన పొట్టు."

అయినా ఎక్కి కూర్చుంది.
రెండు పక్కల రెక్కలూ భుజాల్ని నొక్కాయి.
"ఇది కూర్చోబెట్టడం లేదబ్బాయ్,
పట్టుకుంటోంది."
దిగిపోయింది.

తర్వాతది భారీది.
పాదాలు నేలకందక
కాసేపు కాళ్లూపుకుంటూ
నా వెనక కిటికీలోకి చూసింది.
"ఆ మూడోదాని కింద ఇరవై రెండేళ్లు కుట్టాను.
స్టూళ్లన్నీ ఒకటే ఎత్తు.
పొడుగు తెరేసా వంగి వంగి కుట్టేది,
నేనేమో పీలికల మూట మీదెక్కి.
చొక్కాకి కొలతలుండేవి,
మాకుండేవి కావు."
నాకేం అనాలో తెలీక
మీట ఎక్కడుందో చూపించాను.

మూలనున్న బూడిదరంగు గుడ్డకుర్చీ
ఎవరూ అడగనిది.
మీట నొక్కితే ఉస్సుమని కిందికి దిగింది,
అలిసిపోయిన ఒంటెలా.
మడమలు నేలకానాయి.
మోకాలి వెనక మూడు వేళ్లు పెట్టి చూసుకుంది,
పట్టాయి.
నడుము దిండు ఒక మెట్టు పైకి,
కాదు, అర మెట్టు కిందికి,
ఆఁ.
ఆ "ఆఁ" తర్వాత నలభై నిమిషాలు మాటల్లేవు.
కళ్లు మూసుకుని, చేతులు గాల్లో గుండ్రంగా పట్టుకుని
కూర్చుండిపోయింది.

భయమేసి, ఏం ఆడతారండీ, అన్నాను.
"ఆడటమేంటి, లారీ నడుపుతాను.
రాత్రి పదింటికి ఎక్కితే తెల్లారి నాలుగు.
నిన్న బెర్గెన్ నించి చేపల లోడు.
లైసెన్సు లేదు నాకు, సైకిలు కూడా రాదు.
కానీ దీపాల వెలుగులో మంచు పడుతుంటే,
తెరమీదేలే,
పక్కన సీటు ఖాళీగా ఉంటుంది చూడు,
భలే ఉంటుంది."

ధర చెప్పాను.
వీపు వెనక ఓ కుట్టు వంకర పోయిందని వేలు పెట్టి చూపించింది.
"ఇది నేను విప్పి కుట్టుకుంటాను.
ఎంత తగ్గిస్తావు?"
తగ్గించాను. మా యజమానికి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు.
నోట్లు తడి చేసుకుని లెక్కపెడుతూ
తలెత్తకుండానే అడిగింది:
"నువ్వెక్కడ కూర్చుంటావు?"

మేం కూర్చోకూడదండీ.

బూట్ల వైపు చూసింది నా,
ఎడమ మడమ అరిగినవైపు.
ఏమీ అనలేదు.
చిల్లర మటుకు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

డబ్బాలో పెట్టిస్తానంటే వద్దంది.
చక్రాలున్నాయిగా.
రాళ్లు పరిచిన వీధిలో గడగడలాడించుకుంటూ
వానలో తోసుకుపోయింది.
ట్రామ్ స్టాపులో బెంచీ నిండుగా జనం.
గొడుగు విప్పి, కుర్చీ మీద పాలిథిన్ పరిచి,
తన కుర్చీలో తను కూర్చుంది.
పక్కావిడ ఏదో అడిగినట్టుంది,
మీట నొక్కి పైకీ కిందికీ దిగి చూపిస్తోంది.

అద్దం వెనక నేను
ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి
బరువు మార్చుకున్నాను.
ఏడింటికి మూస్తాం.
ఇంకా నాలుగున్నరే.